తరగతి గదిలో గాలి: సెన్సరు నుంచి కిటికీ దాకా ఒక ప్రాజెక్టు డైరీ

ఏం సాధించాలి

ఈ ప్రాజెక్టు అవసరం ఒక్క ముక్కలో: నలభై మంది కూర్చునే గదిలో ఒక్కొక్కరికి సెకనుకు ఎన్ని లీటర్ల బయటి గాలి అందుతోందో కొలవాలి, అది చాలకపోతే పెంచాలి. గోడ మీద కార్బన్ డయాక్సైడ్ మీటరు వేలాడదీసి ఊరుకుంటే పిల్లలకు ఒరిగేదేమీ లేదు. మీటరు చూపే పీపీఎమ్ (పది లక్షల భాగాల గాలిలో ఎన్ని భాగాలు) అంకెను గాలి ప్రవాహంగా మార్చుకున్నప్పుడే ఏ కిటికీ తెరవాలి, ఎంత ఫ్యాన్ కావాలి, ఎక్కడ డబ్బు వృథా అన్నది తేలుతుంది. అందుకే ఈ డైరీలో ఎలక్ట్రానిక్స్ కంటే లెక్కలకూ కిటికీలకూ ఎక్కువ చోటు ఇచ్చాం.

కార్బన్ డయాక్సైడ్‌నే ఎందుకు కొలవాలంటే, మనం వదిలే ఊపిరిలో అది దాదాపు 4 శాతం, అంటే 40,000 పీపీఎమ్. బయటి గాలిలో ఉండేది 420కి కాస్త పైన. గదిలో ఈ అంకె ఎంత పెరిగితే, ఇంకొకరు వదిలిన గాలిని మళ్లీ అంత ఎక్కువగా పీలుస్తున్నట్టు లెక్క. ఈ కొలమానం కొత్తదేమీ కాదు. 1000 పీపీఎమ్ దాటితే గది గాలి బాగా లేనట్టేనని జర్మన్ పరిశుభ్రతా శాస్త్రవేత్త మాక్స్ ఫాన్ పెటెన్‌కోఫర్ 1858లోనే చెప్పాడు.

గది లెక్క

నమూనా గది పొడవు 8 మీటర్లు, వెడల్పు 6, ఎత్తు 3. ఘనపరిమాణం 144 ఘనపు మీటర్లు. మనుషులు 40 మంది. గదిలోని గాలి గంటకు ఒకసారి పూర్తిగా మారితే గంటకు 144 ఘనపు మీటర్లు, అంటే సెకనుకు 40 లీటర్లు. తలకు సెకనుకు 1 లీటరు. ఈ గదికి ఇలా కుదరడం వల్ల నోటి లెక్క సులువైంది: గంటకు ఎన్ని గాలి మార్పులో, తలకు అన్ని లీటర్లు. మీ గది కొలతలు వేరైతే ఘనపరిమాణాన్ని 3.6తో భాగించి, వచ్చినదాన్ని మనుషుల సంఖ్యతో భాగించండి. ఒక్క గాలి మార్పుకు తలకు ఎన్ని లీటర్లో వస్తుంది.

లక్ష్యాలు మూడు రాసుకున్నాం. భవనాల్లో గాలి, చల్లదనం వ్యవస్థలకు ప్రమాణాలు రాసే అమెరికా ఇంజనీర్ల సంఘం ఆష్రే వారి 62.1 ప్రమాణం ప్రకారం తొమ్మిదేళ్లు దాటిన పిల్లల తరగతికి తలకు 5 లీటర్లు, దానికి తోడు చదరపు మీటరు నేలకు 0.6 లీటరు. 48 చదరపు మీటర్ల ఈ గదికి మొత్తం సెకనుకు 229 లీటర్లు, అంటే గంటకు 5.7 మార్పులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో విడుదల చేసిన వెంటిలేషన్ మార్గసూచిలో ఇలాంటి గదులకు తలకు 10 లీటర్లు ఉంది. అంటే 10 మార్పులు. అంటువ్యాధి ముప్పు ఉన్న రోజులకు 2023 నాటి ఆష్రే 241 ప్రమాణం తరగతి గదికి తలకు 20 లీటర్ల 'స్వచ్ఛమైన గాలికి సమానం' అడుగుతుంది. ఇందులో ఫిల్టరు గుండా వచ్చిన గాలినీ కలుపుకోవచ్చు. మొదటిది తప్పక అందుకోవాల్సిన మెట్టు, రెండోది ఈ ప్రాజెక్టు గమ్యం. మూడోది కిటికీలతో మాత్రమే అయ్యే పని కాదు.

సెన్సరు ఎంపిక

ఇక్కడ చాలామంది చతికిలపడేది పేరు చూసి కొనడం దగ్గర. ఎంక్యూ-135 లాంటి గ్యాస్ సెన్సర్లు కార్బన్ డయాక్సైడ్‌ను కొలవవు. సీసీఎస్811, ఎస్‌జీపీ30 చూపే 'ఈక్వివలెంట్ సీఓ2' కూడా కొలత కాదు, గాలిలోని ఆవిరి రసాయనాల నుంచి కట్టిన అంచనా. మార్కర్ పెన్ను మూత తీసినా, నేలను ఫినాయిల్‌తో తుడిచినా ఆ అంకె ఎగురుతుంది. పక్కనున్న అసలు సెన్సరు అంకె కదలనే కదలదు.

పరారుణ కాంతితో గానీ ఫొటోఅకౌస్టిక్ (కాంతిని పీల్చుకున్న వాయువు చేసే సన్నని శబ్దాన్ని వినే) పద్ధతిలో గానీ నేరుగా ఆ వాయువునే కొలిచే సెన్సరు తీసుకోవాలి. పరిశీలించినవి మూడు. ఎస్‌సీడీ30 నమ్మదగినది, కానీ పెద్దది. ఎంహెచ్-జెడ్19 చవక, కానీ దాని ఆటో క్యాలిబ్రేషన్ (తనంతట తానే అంకెలు సరిచేసుకోవడం) 24 గంటలకోసారి బేస్‌లైన్ మారుస్తుంది. రాత్రంతా కిటికీలు బిగించి ఉంచే గదికి అది సరిపడదు. చివరికి ఎస్‌సీడీ41 ఖరారు చేశాం. 400 నుంచి 5000 పీపీఎమ్ దాకా కొలుస్తుంది, 5 సెకన్లకో రీడింగు ఇస్తుంది, వేలిగోరంత ఉంటుంది. దాని అన్న ఎస్‌సీడీ40కి ఖచ్చితత్వం హామీ 2000 పీపీఎమ్ వరకే. మూసిన తరగతి గది ఆ హద్దు దాటుతుంది కాబట్టి వద్దనుకున్నాం.

ధూళికి పీఎంఎస్5003. లేజరు కాంతి చెదిరే తీరును బట్టి సన్నని కణాలను అంచనా వేస్తుంది. పీఎం 2.5కి (2.5 మైక్రోమీటర్ల లోపు కణాలకు) పనికొస్తుంది. పీఎం 10 అంకెను మాత్రం పట్టించుకోవద్దు, పెద్ద కణాలను ఇది సరిగా చూడలేదు. సుద్దపొడిలో ఎక్కువ భాగం పెద్ద కణాలే కాబట్టి బోర్డు తుడిచినప్పుడు లేచే దుమ్ము కంటికి కనిపించినంతగా ఈ అంకెలో కనిపించదు.

కట్టడం

ఒక్క యూనిట్‌కు కావలసినవి: ఈఎస్పీ32 బోర్డు (వైఫై ఉన్న చిన్న కంప్యూటరు బోర్డు), ఎస్‌సీడీ41 మాడ్యూలు, పీఎంఎస్5003, డీఎస్3231 గడియారం మాడ్యూలు, మైక్రోఎస్‌డీ కార్డు మాడ్యూలు, మూడు ఎల్‌ఈడీలు (ఆకుపచ్చ, పసుపు, ఎరుపు), ఒక్కోదానికి 330 ఓమ్‌ల రెసిస్టరు, 470 మైక్రోఫ్యారడ్ కెపాసిటరు, 5 వోల్టుల 2 ఆంపియర్ల చార్జరు, మందపాటి యూఎస్‌బీ కేబుల్.

వైరింగు సూటిగానే ఉంటుంది. ఎస్‌సీడీ41, గడియారం రెండూ ఒకే ఐ2సీ (రెండు తీగల డేటా పద్ధతి) తీగల మీద: డేటా బోర్డు మీది జీపీఐఓ పిన్ను 21కి, క్లాకు 22కి, కరెంటు 3.3 వోల్టుల పిన్ను నుంచి. పీఎంఎస్5003 లోపలి ఫ్యానుకు 5 వోల్టులు కావాలి కానీ దాని డేటా పిన్ను 3.3 వోల్టులదే. అందుకని నేరుగా ఈఎస్పీ32 సీరియల్ పిన్నుకు కలపవచ్చు. అది 9600 బాడ్ వేగంతో 32 బైట్ల ఫ్రేములు పంపుతుంది. మొదటి రెండు బైట్లు 66, 77. చివరి రెండు బైట్లు ముందున్న 30 బైట్ల మొత్తం. ఆ మొత్తం సరిపోకపోతే ఫ్రేమును పారేయాలి. ఈ తనిఖీ లేని కోడులో అప్పుడప్పుడు వేలల్లో ఉన్న అంకె ఒకటి దూరి సగటును పాడుచేస్తుంది. ఫ్రేములో మొదటి మూడు విలువలు ఫ్యాక్టరీ ప్రమాణపు కణాలకు, తర్వాతి మూడు మామూలు వాతావరణానికి. గదికి తీసుకోవాల్సినవి రెండో వరుసవి.

బోర్డు ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతూ ఉంటే కోడును అనుమానించే ముందు కేబుల్ మార్చి చూడండి. వైఫై మొదలయ్యే క్షణంలో ఈఎస్పీ32 గట్టిగా కరెంటు లాగుతుంది. ఎస్‌సీడీ41 కూడా కొలిచే క్షణంలో 200 మిల్లీఆంపియర్ల దాకా లాగుతుంది. రెండూ కలిసిన చోట సన్నని కేబుల్‌లో వోల్టేజి పడిపోతుంది. 470 మైక్రోఫ్యారడ్ కెపాసిటరును 5 వోల్టుల పిన్నుకూ గ్రౌండుకూ మధ్య పెట్టింది దీనికోసమే.

డబ్బాను రెండు అరలుగా విభజించాలి. పై అరలో ఈఎస్పీ32, కింది అరలో సెన్సర్లు. వేడి పైకి పోతుంది కాబట్టి ఈ వరుస తిరగబడకూడదు. ఎస్‌సీడీ41 ఉన్న అరకు రెండు పక్కలా 5 మిల్లీమీటర్ల రంధ్రాలు కనీసం పదేసి ఉండాలి. పీఎంఎస్5003 గాలి పీల్చే రంధ్రం, వదిలే రంధ్రం రెండూ ఒకే వైపు ఉంటాయి. వాటిని నేరుగా డబ్బా గోడకు ఆనించి బిగించి, మధ్యలో ఫోమ్ అడ్డు పెట్టకపోతే అది వదిలిన గాలినే మళ్లీ పీలుస్తుంది. ఫొటోఅకౌస్టిక్ పద్ధతిలో పనిచేసే ఎస్‌సీడీ41 అదురుకు తట్టుకోదు కాబట్టి పీఎంఎస్ ఫ్యానుకూ దానికీ మధ్య మెత్తటి ఫోమ్ ముక్క తప్పనిసరి.

బడి వైఫై మీద ఆధారపడవద్దు. లాగిన్ పేజీ అడిగే నెట్‌వర్కులో ఈఎస్పీ32 ఆ పేజీని నింపలేదు. నిమిషానికో వరుస మైక్రోఎస్‌డీ కార్డులోకి, రోజుకో కొత్త ఫైలు. ప్రతి వరుసకూ ఫైలు తెరిచి, రాసి, మూయాలి. తెరిచి ఉంచిన ఫైలు కరెంటు పోయినప్పుడు చెడిపోతుంది.

క్యాలిబ్రేషన్

ప్రాజెక్టు మొత్తంలో ఎక్కువ జాగ్రత్త అవసరమైనది ఈ దశే.

ఎస్‌సీడీ41లో ఆటో క్యాలిబ్రేషన్ ఫ్యాక్టరీ నుంచే ఆన్‌లో ఉంటుంది. కనీసం వారానికి ఒకసారి సెన్సరు బయటి గాలిని చూస్తుందన్న నమ్మకంతో, చూసిన వాటిలో అతి తక్కువ రీడింగును 400 అనుకుని అది తనను తాను సర్దుకుంటుంది. ఇరవై నాలుగు గంటలూ కరెంటు ఉండి, రాత్రికి గాలి మారిపోయే గదిలో ఇది బాగానే పనిచేస్తుంది. చాలా బడుల్లో మాత్రం ఆఖరి బెల్లు కాగానే మెయిన్ స్విచ్ కట్టేస్తారు. మళ్లీ వేసేది పిల్లలు వచ్చాకే. ఆ సెన్సరు జీవితంలో చూసే అతి తక్కువ అంకె 600 కావచ్చు. దాన్నే 400గా తీసుకుంటే ఆపై ప్రతి రీడింగూ 200 తక్కువగా వస్తుంది. 1300 ఉన్న గది 1100గా కనిపిస్తుంది. గాలి బాగుందన్న తప్పుడు భరోసా కంటే మీటరు లేకపోవడమే నయం.

కాబట్టి ఆటో క్యాలిబ్రేషన్ ఆపేసి, ఆరుబయట చేతితో క్యాలిబ్రేట్ చేయాలి. వరుస ఇది: యూనిట్‌ను నీడలో, రోడ్డుకూ వంటగదికీ దూరంగా ఒక స్టూలు మీద పెట్టాలి. పవర్ బ్యాంకుతో నడపాలి. మనుషులు గాలి వాలుకు అవతల కనీసం రెండు మీటర్ల దూరంలో నిలబడాలి. డేటాషీటు (తయారీదారు వివరాల పత్రం) అడిగేది సెన్సరును 3 నిమిషాలు నడపడం, కానీ డబ్బాలోని పాత గాలి పోవడానికి 15 నిమిషాలు ఇవ్వడం మంచిది. రీడింగు కదలకుండా నిలిచాక కొలత ఆపే ఆదేశం, అర సెకను విరామం, ఆపై బలవంతపు రీక్యాలిబ్రేషన్ ఆదేశం. ఇచ్చే విలువ 430. తిరిగి వచ్చే విలువ 65,535 అయితే క్యాలిబ్రేషన్ విఫలమైందని అర్థం. సాధారణంగా అది సెన్సరు తగినంతసేపు నడవకముందే ఆదేశం ఇచ్చినప్పుడు వస్తుంది. వేరే ఏ విలువ వచ్చినా దానిలోంచి 32,768 తీసేస్తే ఎన్ని పీపీఎమ్ సర్దుబాటు జరిగిందో తెలుస్తుంది. ఆ అంకెను యూనిట్ నంబరు పక్కన నోటుబుక్కులో రాయాలి. వరుసగా ఒకే దిశలో పెద్ద అంకెలు వస్తుంటే ఆ సెన్సరు దారి తప్పుతున్నట్టు.

సెట్టింగులను శాశ్వతంగా దాచే ఆదేశాన్ని ఒక్కసారే ఇవ్వండి. సెన్సరులోని మెమరీకి హామీ ఉన్నది 2000 రాతలకే. దాన్ని స్టార్టప్ కోడులో వదిలేస్తే, మాటిమాటికీ కరెంటు పోయే చోట ఆ కోటా తొందరగా కరిగిపోతుంది.

ఎత్తు సంగతి కూడా ఉంది. 1000 మీటర్ల ఎత్తున గాలి పీడనం సముద్రమట్టం కంటే సుమారు 11 శాతం తక్కువ. సర్దుబాటు ఇవ్వకపోతే రీడింగు కూడా దాదాపు అంతే తగ్గి కనిపిస్తుంది. ఉన్న చోటి ఎత్తును మీటర్లలో ఒకసారి ఇస్తే చాలు. ఉష్ణోగ్రత ఆఫ్‌సెట్ అంతగా బెంగపెట్టే విషయం కాదు. అది వేడి, తేమ అంకెలనే మారుస్తుంది తప్ప కార్బన్ డయాక్సైడ్ అంకెను కాదు.

గదులకు పంపే ముందు యూనిట్లన్నిటినీ ఒకే బల్ల మీద పక్కపక్కన ఒక రాత్రి, ఒక పగలు నడపాలి. 50 పీపీఎమ్ కంటే ఎక్కువ తేడా చూపినదాన్ని మళ్లీ బయటికి తీసుకెళ్లాలి. ధూళి సెన్సర్ల విషయంలో అంకె కంటే ఒకదానికొకటి నిష్పత్తి ముఖ్యం. ఏ యూనిట్ ఎన్ని శాతం ఎక్కువ చూపుతోందో రాసి పెట్టుకుంటే తర్వాత పోల్చడానికి వీలవుతుంది.

ఎక్కడ తగిలించాలి

కూర్చున్న పిల్లల ముక్కు ఎత్తులో, అంటే నేల నుంచి 1 నుంచి 1.2 మీటర్లు. ఎవరి ముఖానికీ మీటరు కంటే దగ్గరగా ఉండకూడదు. కిటికీ పక్కన పెడితే బయటి గాలినే కొలుస్తుంది. తలుపు వెనక పెడితే వరండాను కొలుస్తుంది. ప్లగ్ పాయింటు ఎక్కడుంటే అక్కడ తగిలించడం మామూలుగా జరిగే పని. చాలా గదుల్లో ప్లగ్గు ఉండేది తలుపు పక్కన స్విచ్ బోర్డులోనే. కాబట్టి మూడు మీటర్ల కేబుల్ ముందే లెక్కలో వేసుకోండి.

మొదటిసారి ఒకే గదిలో మూడు యూనిట్లు మూడు మూలల్లో పెట్టి చూడడం మంచిది. సీలింగ్ ఫ్యాన్లు తిరుగుతుంటే మూడూ దగ్గరదగ్గరగా ఉంటాయి, ఆ గదికి ఆపై ఒక్కటి చాలు. ఫ్యాన్లు ఆపితే వెనక వరుసల్లో అంకె విడిపోతుంది. సీలింగ్ ఫ్యాన్ ఉన్న గాలినే కలియబెడుతుంది, కొత్త గాలిని తేదు.

మొదటి గ్రాఫు, తగ్గుదల పరీక్ష

మొదటి గ్రాఫు రంపం పళ్ళలా ఉంటుంది. పీరియడ్ పొడుగునా ఎక్కుతుంది, విరామంలో దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. ఎంత ఎక్కిందన్నదాని కంటే ఎలా దిగిందన్నదానిలో సమాచారం ఎక్కువ. ఎక్కడం పిల్లల సంఖ్య మీద, వయసు మీద, వాళ్లు ఆటల పీరియడ్ నుంచి వచ్చారా అన్నదాని మీద ఆధారపడుతుంది. దిగడం గాలి మార్పు మీద మాత్రమే.

పరీక్ష ఇలా చేశాం. ఆఖరి పీరియడ్ అయ్యాక పిల్లలందరూ బయటికి వెళ్లాక, కిటికీలూ తలుపూ క్లాసు జరిగినప్పుడు ఉన్నట్టే వదిలేసి, సీలింగ్ ఫ్యాన్లు నడుపుతూ అరగంట రికార్డు చేయాలి. గదిలో ఎవరూ ఉండకూడదు. ఒక్క మనిషి ఉన్నా, మందకొడి గదిలో అంకె చివర 60 పీపీఎమ్ దాకా తేడా వస్తుంది.

సూత్రం: గంటకు గాలి మార్పులు = (మొదటి రీడింగు − బయటి రీడింగు) ÷ (చివరి రీడింగు − బయటి రీడింగు), దాని సహజ సంవర్గమానం (కాలిక్యులేటరులో ln), ఆపై గంటల్లో కాలంతో భాగహారం.

కిటికీలు సగం మూసి ఉన్న మామూలు స్థితిలో 1800 నుంచి 900కి దిగడానికి 30 నిమిషాలు పట్టింది. బయట 430. అంటే 1370ని 470తో భాగిస్తే 2.91, దాని సంవర్గమానం 1.07, అరగంటతో భాగిస్తే 2.1. గంటకు 2.1 మార్పులు, తలకు సెకనుకు 2.1 లీటర్లు. కనీస ప్రమాణంలో సగం కూడా లేదు. కూర్చున్న పిల్లవాడు సెకనుకు సుమారు 0.004 లీటరు కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. నలభై మందికి 0.16 లీటరు. ఈ ప్రవాహానికి అది చివరకు చేరే మట్టం దాదాపు 2300. కానీ 45 నిమిషాల పీరియడ్ ముగిసేసరికి కనిపించేది 1900 దగ్గరే, ఎందుకంటే గది ఇంకా నిండుతూనే ఉంటుంది. ఒక పీరియడ్ చివరి అంకె చూసి గాలి ప్రవాహం లెక్కగట్టకూడదన్నది ఇందుకే.

రెండే పాయింట్లతో ఆగవద్దు. స్ప్రెడ్‌షీటులో ప్రతి నిమిషానికీ బయటి అంకె తీసేసి, సంవర్గమానం కట్టి, గీత వాలు చూడాలి. గీత మధ్యలో విరిగితే ఎవరో తలుపు తీశారు, లేదా గాలి దిశ మారింది. అలాంటి రోజు లెక్క పనికిరాదు.

గాలి దారి

మీటరు పని ఇంతటితో సగమే. మిగతాది గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోతోందో కంటితో చూడడం. టిష్యూ కాగితాన్ని వేలెడు వెడల్పు పీలికలుగా చింపి, ఒక కర్ర చివర అంటించి, ప్రతి కిటికీ దగ్గరా, తలుపు సందుల దగ్గరా, పై వెంటిలేటర్ల దగ్గరా పట్టి చూడాలి. లోపలికి వంగిందా, బయటికి వంగిందా, ఊగక నిలబడిందా అన్నది గది పటం మీద బాణం గుర్తులతో రాయాలి. పొగతో ఈ పరీక్ష చేస్తే ధూళి సెన్సరు రికార్డు ఆ పూటకు పాడవుతుంది.

ఆ బాణాల్లో తేలింది ఇది. ఒకవైపు కిటికీలన్నీ తెరిచినా ఎదురుగా దారి లేకపోతే పీలికలు అటూ ఇటూ ఊగుతాయి తప్ప ఒక దిశకు నిలవవు. వచ్చిన గాలి ఆ కిటికీ నుంచే వెనక్కి పోతోంది. ఎదురు గోడ మీది వెంటిలేటర్లు తెరిపించడం అన్నిటికంటే చవకైన మరమ్మతు. వాటికి రంగు పూసి పూసి రెక్కలు చౌకట్టుకు అతుక్కుపోయి ఉంటాయి. సందులో కట్టరుతో గీసి, గట్టి బ్రష్‌తో సాలెగూళ్లు, దుమ్ము తీసి, మడతబందులకు నూనె వేస్తే కదులుతాయి. దోమల మెష్ మీద దుమ్ము పేరుకుంటే దాదాపు గోడతో సమానం. శుభ్రంగా ఉన్న మెష్‌ ఉన్నా, తెరిచిన వైశాల్యం సగమేనని లెక్కేసుకోవాలి.

ఎదురెదురు కిటికీలు, వెంటిలేటర్లు తెరిచాక అదే పరీక్షలో 1600 నుంచి 640కి 12 నిమిషాల్లో దిగింది. 1170ని 210తో భాగిస్తే 5.57, సంవర్గమానం 1.72, 0.2 గంటతో భాగిస్తే 8.6. తలకు 8.6 లీటర్లు. పది నిమిషాల విరామానికి ఇది ఎంతో మేలు చేస్తుంది. 1800 దగ్గర ఉన్న గది తిరిగి బెల్లు కొట్టేసరికి 760 దగ్గరికి వస్తుంది. షరతు ఒక్కటే, విరామంలో పిల్లలు బయట ఉండాలి.

గాలి ఆడని రోజు ఈ అంకె సగానికి పడిపోతుంది. అందుకే ఎగ్జాస్ట్ ఫ్యాన్. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు: ఫ్యాను పక్కనే ఉన్న కిటికీని తెరిచి ఉంచడం. గాలికి దగ్గరి దారి దొరికితే అదే పట్టుకుంటుంది. పక్క కిటికీ నుంచి వచ్చి నేరుగా ఫ్యానులోకి పోతుంది, బెంచీల మీది గాలి కదలదు. ఫ్యాను పెద్దగా శబ్దం చేస్తుంటుంది కాబట్టి పని జరుగుతున్నట్టే అనిపిస్తుంది. గ్రాఫు మాత్రం పైకే పోతుంది. ఫ్యాను ఉన్న గోడ మీది కిటికీలు మూసి, ఎదురు గోడవి తెరవాలి. ఫ్యాను చుట్టూ చౌకట్టులో వదిలేసిన ఖాళీని ప్లైవుడ్‌తోనో మందపాటి ఫోమ్ షీటుతోనో బిగించాలి. లేకపోతే ఊదిన గాలి ఆ సందుల నుంచే తిరిగి వస్తుంది.

ఫ్యాను డబ్బా మీద రాసిన అంకె ఎదురు ఒత్తిడి ఏమీ లేనప్పటిది. అనెమోమీటరుతో తొమ్మిది చోట్ల గాలి వేగం తీసి సగటు కట్టాలి. 300 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న నోటికి వైశాల్యం 0.07 చదరపు మీటరు. సగటు వేగం 3.5 మీటర్లు ఉంటే సెకనుకు 250 లీటర్ల లోపు. కనీస ప్రమాణం అడిగిన 229కి సరిపోయింది, గమ్యానికి చాలదు. ఇలాంటివి రెండు కావాలి. లోపలికి గాలి వచ్చే దారి వేగం సెకనుకు మీటరు దాటకుండా ఉండాలంటే ఒక్కో ఫ్యానుకు పావు చదరపు మీటరు తెరుపు కావాలి, మెష్ ఉంటే అర చదరపు మీటరు.

ధూళి, ఫిల్టరు పెట్టె

బయట పొగ, దుమ్ము ఎక్కువగా ఉన్నప్పుడు కిటికీ తెరిస్తే ఒక అంకె తగ్గి ఇంకోటి పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల్లో పీఎం 2.5కి 24 గంటల సగటు హద్దు ఘనపు మీటరుకు 15 మైక్రోగ్రాములు. కిటికీలు పూర్తిగా మూసేయడం మాత్రం దీనికి జవాబు కాదు. కిటికీ సగం, ఫిల్టరు పెట్టె పూర్తి వేగం అన్నది మా పద్ధతి.

పెట్టె రూపం 2020 నుంచి ప్రచారంలో ఉన్న కోర్సీ–రోసెంతాల్ బాక్సుదే. 20 అంగుళాల చదరపు మెర్వ్ 13 (సన్నని కణాలను పట్టే సామర్థ్యపు గ్రేడు) ఫిల్టర్లు నాలుగు నాలుగు గోడలుగా, అడుగున అట్ట, పైన 20 అంగుళాల బాక్సు ఫ్యాను గాలిని పైకి ఊదేలా. ఫిల్టర్ల అంచున ముద్రించిన బాణం గుర్తు పెట్టె లోపలికి చూడాలి. అతుకులన్నిటికీ టేపు వేయాలి. ఫ్యాను నాలుగు మూలల్లో గాలి వెనక్కి జారుతుంది కాబట్టి రెక్కలు తిరిగే వలయాన్ని మాత్రం వదిలి మిగతా చోట్లకు అట్ట కప్పాలి. చిన్న పనే అయినా ప్రవాహం గట్టిగా పెరుగుతుంది.

ఇది కార్బన్ డయాక్సైడ్‌ను ఇసుమంత కూడా తగ్గించదు. ఆ మీటరు చూసి పెట్టె పనిచేయడం లేదనుకోకూడదు. పెట్టె పనితనం పీఎం 2.5 తగ్గుదలలో కనిపిస్తుంది. అదే సంవర్గమానపు లెక్క, పెట్టె ఆపి ఒకసారి, నడిపి ఒకసారి. తేడాను ఘనపరిమాణంతో గుణిస్తే పెట్టె ఇచ్చే స్వచ్ఛమైన గాలి. మధ్య వేగంలో తేడా గంటకు 4 వచ్చింది, అంటే 576 ఘనపు మీటర్లు, తలకు 4 లీటర్లు. కిటికీల 8.6తో కలిపితే 12.6. ఎక్కువ వేగంలో టీచరు మాట వెనక బెంచీకి వినిపించడం కష్టమవుతుంది, అప్పుడు ఎవరో ఒకరు ఆపేస్తారు. ఆపేసిన ఫిల్టరు కంటే నెమ్మదిగా రోజంతా తిరిగే ఫిల్టరు మేలు కాబట్టి మామూలు రోజుల్లో మధ్య వేగం దగ్గరే గుర్తు పెట్టాం.

గాలిలో తేమ బాగా ఎక్కువగా ఉంటే లేజరు సెన్సరు నీటితో ఉబ్బిన కణాలను కూడా లెక్కలో వేస్తుంది. తేమ 80 శాతం దాటిన గంటల రికార్డును వేరే రంగులో గుర్తించి, పోలికల్లోంచి తీసేస్తున్నాం. ఉదయం ఊడ్చే వేళ లేచే దుమ్ముకు మందు సెన్సరులో లేదు, తడిగుడ్డతో తుడవడంలో ఉంది.

దీపాలు

900 లోపు ఆకుపచ్చ, 900 నుంచి 1200 పసుపు, ఆపైన ఎరుపు. ఈ హద్దులు గాలి ప్రవాహం నుంచి వచ్చినవే: ఈ వయసు పిల్లలకు 900 అంటే తలకు దాదాపు 8.5 లీటర్లు, 1200 అంటే 5 లీటర్లు. అయిదు నిమిషాల సగటుతో వెలగాలి. ఎరుపు 1200 దగ్గర వెలిగితే 1100కి దిగాకే ఆరాలి, లేకపోతే హద్దు దగ్గర మిణుకుమిణుకుమంటుంది, పిల్లల చూపంతా దాని మీదే ఉంటుంది. దీపాలు టీచరు వైపు చూడాలి. పక్కన అతికించిన చీటీలో ఏ రంగుకు ఏ పనో రాసి ఉంటుంది: పసుపు వస్తే ఎదురు వెంటిలేటర్లు చూడండి, ఎరుపు వస్తే తలుపు, ఫ్యానుకు ఎదురు గోడ కిటికీలు పూర్తిగా తెరిచి ఫ్యాను వేయండి.

హాజరు సంఖ్య రోజూ రికార్డులో పక్క గడిలో ఉండాలి. సగం మంది రాని రోజు ఆకుపచ్చ వెలిగితే అది గాలి గొప్పతనం కాదు. చిన్న తరగతుల పిల్లలు తక్కువ ఊపిరి వదులుతారు కాబట్టి అదే 900 వాళ్ల గదిలో ఇంకా తక్కువ గాలిని సూచిస్తుంది. వాళ్లకు పసుపు హద్దు 800కి దించాం.

ఇంకా మిగిలినవి

రెండో ఎగ్జాస్ట్ ఫ్యాను బిగింపు బాకీ ఉంది. ఒక గోడకు మాత్రమే కిటికీలున్న గదులకు వరండా వైపు తలుపు పైన జాలీ పెట్టించాలి. అయితే వరండాకు అవతల ఇంకో గది ఉంటే ఆ గది గాలే ఇటు వస్తుంది, కాబట్టి ముందు వరండాలో ఒక యూనిట్ పెట్టి చూడాలి. ఫిల్టర్ల బరువు నెలకోసారి తూచి రాస్తున్నాం. బరువుతో పాటు పెట్టె ప్రవాహం కూడా కొలిచి, మొదటి కొలతలో మూడో వంతు తగ్గినప్పుడు మార్చాలన్నది ప్రస్తుత నియమం. మార్చేటప్పుడు మాస్కు వేసుకుని, పాత ఫిల్టర్లను ఆరుబయటే సంచిలో కట్టాలి. సెన్సర్లకు తదుపరి ఆరుబయటి క్యాలిబ్రేషన్ సెలవుల తర్వాత, బడి తెరిచే ముందు.

వానాకాలం పెద్ద చిక్కు. జల్లు కొట్టగానే కిటికీలు మూసేస్తారు, గంటకు మార్పులు మళ్లీ రెండు దగ్గరికి వస్తాయి. వెంటిలేటర్ల మీద 30 సెంటీమీటర్లు ముందుకు వచ్చే రేకు చూరు వేసి, అవి మాత్రం తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాను నడిపిన స్థితికి తగ్గుదల పరీక్ష చేయాల్సి ఉంది. అంకె 5.7 దాటితే చూరు నమూనా మిగతా గదులకు వెళుతుంది, దాటకపోతే రేకు కోణం మార్చి మళ్లీ కొలుస్తాం.